బైపాస్ వాల్వుకి రెండు తాళాలు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

మీ కొత్త కమిటీవాళ్ళు ఫోన్ చేసి "చెరువు పక్కనున్న కాలనీని అసోసియేషన్ ఎలా నడపాలో వచ్చి చెప్పండి సార్" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆరేళ్ళు సెక్రటరీగా, రెండేళ్ళు ట్రెజరర్‌గా చేశాను. ఇప్పటికీ మా కాలనీలో నన్ను చూస్తే లిఫ్టు వదిలేసి మెట్లెక్కేవాళ్ళు నలుగురైదుగురున్నారు. అందుకని ఇక్కడ నేను చెప్పేవాటిలో సగం మేం చేసిన తప్పులే ఉంటాయి, వాటిల్లో పెద్దదానితోనే మొదలుపెడతాను.

అది జూన్ మొదటి వారం. రాత్రి గట్టిగా వాన పడింది, ఆ ఏడాదికి అదే మొదటి వాన. తెల్లారి ఆరు కాకముందే మా వాకింగ్ గ్రూపులో ఫోటోలు మొదలయ్యాయి. చెరువు కట్ట పొడవునా చేపలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి, చిన్నవీ పెద్దవీ, రెండు మూడు కేజీల బొచ్చెలు కూడా. అరగంటలో గ్రూపులో తీర్పు కూడా అయిపోయింది. పైన బస్తీ మురుగంతా వదిలేస్తున్నారనీ, హాస్టళ్ళవాళ్ళనీ, ఏదో ఫ్యాక్టరీవాడు ట్యాంకర్ తెచ్చి పారబోశాడనీ ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. ఎనిమిదింటికల్లా నేను అధికారులకి ఘాటుగా ఒక లెటర్ డ్రాఫ్ట్ చేసి పెట్టాను, ఇంకో పెద్దమనిషి పేపర్‌వాళ్ళకి ఫోన్ కూడా కొట్టేశారు.

తొమ్మిదింటికి చేపల సొసైటీవాళ్ళు గేటు దగ్గరకొచ్చారు. మన చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకి ఉంటుంది, ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసో. వాళ్ళలో ఒక పెద్దాయన అరవలేదు, తిట్టలేదు. "సార్, మీ గోడ ఎనకాల పైపుంది, ఒకసారి వచ్చి చూడుర్రి" అన్నాడు. వెళ్ళాం. వెనక గోడ బయట ముళ్ళకంప మధ్యలోంచి ఎనిమిదంగుళాల పైపు, అందులోంచి బూడిదరంగు నీళ్ళు చెరువులోకి, పైన సబ్బు నురగ. వాసన గురించి చెప్పక్కర్లేదు. అది మా ఎస్టీపీ, అంటే కాలనీ మురుగు శుద్ధి చేసే ప్లాంటు, దాని బైపాస్ లైను. శుద్ధి చెయ్యకుండా మురుగుని నేరుగా బయటికి వదిలేసే దారన్నమాట.

ఆపరేటర్‌ని పిలిచి అడిగితే దాచకుండా చెప్పేశాడు. వాన పడితే కలెక్షన్ ట్యాంకు పొంగుతుంది, పొంగి సెల్లార్‌లోకి వస్తే అందరూ తన మీద పడతారు కాబట్టి బైపాస్ తిప్పుతాడు. అంతవరకైతే ఏదోలే అనుకోవచ్చు. రాత్రి పూట గాలి కొట్టే బ్లోయర్లు కూడా ఆపేస్తున్నాడట, కొన్ని నెలలుగా. ఎవరు చెప్పారయ్యా అంటే, "మీరే కద సార్, కరెంటు బిల్లు తగ్గియ్యమన్నరు" అన్నాడు. పాత మినిట్స్ పుస్తకం తీసి చూశాను. "ఎస్టీపీ కరెంటు ఖర్చు తగ్గించే మార్గాలు చూడవలెను", నా చేతిరాతే, కింద నా సంతకమే.

ఎస్టీపీ అంటే ఏదో మెషీను, స్విచ్చేస్తే మురుగు మంచినీళ్ళయిపోతుంది అనుకుంటాం. అందులో పని చేసేది బ్యాక్టీరియా, దానికి ఇరవై నాలుగ్గంటలూ గాలి కావాలి. రోజూ రాత్రంతా గాలి ఆపితే అది కొంచెం కొంచెంగా చస్తుంది, పొద్దున మళ్ళీ స్విచ్చేస్తే మురుగు తిరగడమే తప్ప సరిగ్గా శుభ్రమవదు. ఇటు చెరువులో కూడా అదే లెక్క. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా తనే పీల్చుకుంటుంది, తెల్లవారుజామున అసలే తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకి వానతో కలిసి మన మురుగు దిగి, ఆ ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా లాగేసింది. మా పైపు ఒక్కటే కారణమని నేననను, ఆ రాత్రి పైనుంచి నాలా కూడా చాలా తెచ్చింది. కానీ మన పైపు చూసుకోకుండా బస్తీ మీద లెటర్ రాసిన చెయ్యి నాదే.

ఆదివారం జనరల్ బాడీ పెట్టాం, సెల్లార్‌లో, ప్లాస్టిక్ కుర్చీలేసుకుని. మామూలుగా మా మీటింగులకి కోరం నిండదు, అరగంట వాయిదా వేసి మిగిలినవాళ్ళతో కానిచ్చేస్తాం. ఆరోజు మాత్రం నిలబడటానికి చోటు లేదు. గొడవంతా ఒక్కదాని మీదే జరిగింది. ఈ పైపు సంగతి మినిట్స్‌లో రాయాలా వద్దా? మాలో ఒక లాయర్‌గారున్నారు, పెద్దవారు, బైలాస్ రాసిచ్చిందే ఆయన. "రాస్తే రేపు నోటీసొచ్చినప్పుడు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది, బాగు చేసి ఊరుకుందాం" అన్నారు. ఆయన అన్నదాంట్లో అర్థం ఉంది, కాదనను. కానీ ఊరుకుంటే వచ్చే ఏడాది కొత్త కమిటీ వస్తుంది, కరెంటు బిల్లు చూసి అదిరిపోతుంది, మళ్ళీ ఇదే తీర్మానం రాస్తుంది. రెండున్నర గంటలయ్యాక రాశాం. ఏం జరిగింది, ఎవరు చెప్పగా జరిగింది, బ్లోయర్లు ఎన్ని గంటలు నడవాలి, బిల్లు ఎంత పెరుగుతుంది, అన్నీ. చేపల సొసైటీకి నష్టం కట్టాలని కూడా. ఈ డబ్బు దగ్గర ఇంకో గంట పట్టింది, అది వదిలేద్దాం.

ఆ పెద్దాయన ఇంకోటి అడిగాడు. బైపాస్ వాల్వుకి రెండు తాళాలు వెయ్యాలట, ఒక తాళంచెవి మా దగ్గర, రెండోది సొసైటీ దగ్గర. మా ప్రైవేటు ఆవరణలో బయటివాళ్ళ తాళమేంటని కొందరు లేచారు. చివరికి వేశాం. అత్యవసరమైతే ఇద్దరూ రావాలి, వచ్చి రిజిస్టర్‌లో టైము రాసి సంతకాలు చెయ్యాలి. నా ఎనిమిదేళ్ళ హయాంలో ఏదైనా మంచి పని జరిగిందంటే అది ఇదే, అదీ నా ఆలోచన కాదు.

ఇప్పుడు మీ సంగతికొద్దాం. మీ వెంచర్ అప్పగించి మూడేళ్ళు కూడా కాలేదు కదా? అయితే ఇంటికెళ్ళగానే చెయ్యాల్సిన పని ఒకటుంది, మీ వాననీటి లైను, మురుగు లైను వేరువేరుగా ఉన్నాయో లేదో చూడండి. మా దగ్గర వాన పడితే ట్యాంకు ఎందుకు పొంగేదో తవ్విస్తే తేలింది, కట్టినవాళ్ళు టెర్రస్ మీది వాననీళ్ళని కూడా తెచ్చి మురుగు లైనులోనే కలిపేశారు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం నిర్మాణంలో లోపం ఉంటే ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్ళ లోపల చెప్తే బిల్డర్ తన ఖర్చుతోనే బాగు చేసివ్వాలి. మేం కనిపెట్టింది ఆరో ఏడు. లైను విడగొట్టడానికి మా కార్పస్‌లోంచి, అంటే అందరం కట్టి దాచుకున్న నిధిలోంచి, ఎంత పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అసలు చెరువు ఎవరిది? ఫ్లాటు కొన్నప్పుడు బ్రోచర్‌లో "లేక్ వ్యూ" అని చదివాం కాబట్టి మనదే అనిపిస్తుంది. మనది గజం కూడా కాదు. భూమి రికార్డులు రెవెన్యూవాళ్ళవి, కట్ట, తూము, అలుగు ఇరిగేషన్‌వి, చేపలు సొసైటీవి, చెత్త, నాలాలు మున్సిపాలిటీవి, హద్దుల నోటిఫికేషన్ హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది, 2024 జూలై నుంచి ఆక్రమణలు చూడటానికి హైడ్రా అనే సంస్థ. ఇంతమంది ఉన్నారు కాబట్టే ఏ ఒక్కరూ పూర్తిగా పట్టించుకోరు, అక్కడ అసోసియేషన్‌కి ఒక పని దొరుకుతుంది: ఏ కాగితం ఎవరి దగ్గరుందో తెలుసుకుని ఒక ఫైల్లో పెట్టుకోవడం. మా ఆఫీస్ రూములో గోడకి ఎఫ్‌టీఎల్ మ్యాపు అంటించి ఉంటుంది. ఎఫ్‌టీఎల్ అంటే పెద్ద రహస్యమేం కాదు, చెరువు నిండి అలుగు పారే వేళకి నీళ్ళు ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఆ గీత. ఏప్రిల్‌లో వెళ్ళి చూసి "ఇక్కడంతా పొడి నేలే కదండీ" అంటే కుదరదు. ఆ గీత లోపల పట్టా ఉన్న శిఖం భూములు, అంటే చెరువు అడుగు భూములు, కూడా ఉంటాయి, నీళ్ళు తీశాక పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, చెరువు వైపు వరస ఇళ్ళవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. వెనక చిన్న గేటు పెట్టుకుంటామనీ, నాలుగు రాళ్ళేసి కూర్చోడానికి గుడిసెలా కట్టుకుంటామనీ, ఎలాగూ ఖాళీగానే ఉంది కదాని. మా దగ్గరికి వచ్చినాయన నాకు బాగా కావలసినవారు, మా ఇంట్లో పెళ్ళికి వారం ముందొచ్చి పనులన్నీ చూసినవారు. అభ్యంతరం లేదనే ఎన్ఓసీ ఇవ్వలేదు. ఏడాదిన్నర మాట్లాడలేదు నాతో. 2024 ఆగస్టులో టీవీల్లో హైడ్రా కూల్చివేతలు వస్తున్నప్పుడు వాళ్ళావిడ మా ఇంటికి మామిడికాయ పచ్చడి పంపించింది.

అలుగు సంగతి కూడా ఉంది. మాలో కొందరికి చెరువు ఎప్పుడూ నిండుగా కనపడాలి, బాల్కనీ నుంచి బాగుంటుందని. ఒక వానాకాలం ఎవరో వెళ్ళి అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చొచ్చారు. మా బాల్కనీలవాళ్ళకి చూడ్డానికి బాగుంది, పైన బస్తీలో నాలా వెనక్కి తన్ని ఇళ్ళల్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింద చెరువుకి పోవాలి. 2020 అక్టోబర్‌లో నగరంలో చెరువులు తెగినప్పుడు కింద కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్ళం కూడా ఆ బస్తాలు పెట్టాం, ఏం చెప్పను. వెనకటికి ఊళ్ళో నీరటి అని ఒకడుండేవాడు, తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరి పొలానికి ఎంత వదలాలో వాడి చేతిలో ఉండేది, మోతుబరి వచ్చి అడిగినా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. చెరువు తవ్వించి బాగు చేయించేవాళ్ళకి దశబంధమని మాన్యాలిచ్చేవాళ్ళు. మన కార్పస్ ఫండ్‌కి తాత అనుకోండి.

డబ్బుల గురించి త్వరగా చెప్పేస్తాను. అసోసియేషన్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టరైతే ఏటా జనరల్ బాడీ జరిగి తీరాలి, కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి, చాలామంది మొదటి ఏడాది పంపి తర్వాత మర్చిపోతారు, గొడవొచ్చి కోర్టుకెళ్ళినప్పుడు గుర్తొస్తుంది. మెయింటెనెన్స్ ఒక్కొక్కరికి నెలకి 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్ళు 20 లక్షలు కూడా దాటితే 18 శాతం జీఎస్టీ ఉంది, ఆడిటర్‌ని ముందే అడగండి. కట్టనివాళ్ళ నీళ్ళు ఆపడం, లిఫ్టు కార్డు ఆపడం చెయ్యకండి. ఆ ఇంట్లో ముసలివాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు, మీరు కోర్టులో చేతులు కట్టుకుని నిలబడాల్సొస్తుంది. నోటీసివ్వండి, వడ్డీ వెయ్యండి, ఇల్లు అమ్మేటప్పుడు బాకీ లేదనే నో డ్యూస్ కాగితం కోసం వాళ్ళే వస్తారు. కుక్కల్ని నిషేధించాలనీ బ్యాచిలర్లని రానివ్వొద్దనీ తీర్మానాలు తెస్తారు, ఆ మీటింగులకి నేను టీ తాగడానికి మాత్రమే వెళ్ళేవాణ్ణి.

ట్యాంకర్ల రిజిస్టర్ మాత్రం నోటీసు బోర్డులో పెట్టండి. తేదీ, టైము, ఎన్ని వేల లీటర్లు, ఎంత. పక్కనే చెరువు పెట్టుకుని మార్చిలో ట్యాంకర్లు కొంటున్నామని ఆ కాగితం చూసేదాకా మావాళ్ళకి తట్టలేదు. బోర్లు ఎందుకెండాయని అడగడం అప్పుడు మొదలుపెట్టారు, పార్కింగంతా కాంక్రీటు పోయించుకున్నది మనమే కదా అని ఎవరో అన్నారు, ఇంకుడు గుంతలు అలా వచ్చాయి. బెంగళూరులో పుట్టేనహళ్ళి చెరువు చుట్టుపక్కలవాళ్ళు ట్రస్టు పెట్టుకుని, 2011లో కార్పొరేషన్‌తో ఒప్పందం రాసుకుని చెరువు బాగోగులు తామే చూసుకుంటూ వచ్చారు, వీలైతే ఒకసారి వెళ్ళి చూసి రండి. మనకి అంత ఓపికుందో లేదో మీ కమిటీనే చెప్పాలి.

పండగలు మిగిలాయి. బతుకమ్మతో ఇబ్బంది లేదు, పూలే కదా, మర్నాడు పొద్దున ప్లాస్టిక్ పళ్ళేలూ కవర్లూ ఏరిస్తే సరిపోతుంది. వినాయకుడి దగ్గరే వస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మని అదే చెరువులో వేస్తామంటే ఏమంటారు? మొదటేడు వద్దన్నందుకు నన్ను నాస్తికుడన్నారు. రెండో ఏడు మట్టి వినాయకుణ్ణి పెట్టి, పార్కులో గుంత తవ్వి నిమజ్జనం చేశాం, లడ్డూ వేలం మాత్రం తగ్గలేదు. ఆ డబ్బుతో కట్ట మీద రెండు లైట్లు వేయించాం. మూడో ఏడు పిల్లలే మట్టి బొమ్మలు చేసుకున్నారు, ఒకదానికి తొండం ఎడం వైపుకి ఊడిపోతే ఫెవికాల్ పెట్టి అంటించారు.

ప్రశ్నలకి టైము కావాలి కాబట్టి ఆపేస్తాను. వచ్చే ముందు మా ఎస్టీపీ రిజిస్టర్ జిరాక్సు తెచ్చాను, అక్కడ టేబుల్ మీదుంది, తీసుకోండి. ఈ ఏడాది మొదటి వాన పడ్డ రాత్రి, ఒకటిన్నరకి నా ఫోను మోగింది. చేపల సొసైటీ పెద్దాయన. నేనిప్పుడు కమిటీలో లేను, అయినా ఆయనకి నా నంబరే తెలుసు. "సార్, తాళం తీసిండ్రా?" అన్నాడు. లేదు పెద్దయ్యా, ట్యాంకులో ఇంకా నాలుగడుగులు ఖాళీ ఉంది, పడుకో అన్నాను. సరే అని పెట్టేశాడు. ఇరవై నిమిషాల తర్వాత గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్, తల మీద గోనెసంచి కప్పుకుని ఎవరో ముసలాయన టీవీఎస్ మీదొచ్చాడు, లోపలికి పంపమంటారా అని.