గ్లీసన్ 6కి క్యాన్సర్ అన్న పేరు తీసెయ్యండి!

ప్రోస్టేట్ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి. దాంట్లో క్యాన్సర్ ఎంత ముదురుగా ఉందో చెప్పే స్కోరే గ్లీసన్. ఆ గ్లీసన్ 6కి క్యాన్సర్ అన్న పేరు తీసెయ్యాలి. ఈ వీడియోలో నేను చెప్పేది ఇదొక్కటే. దీని మీద ప్రోస్టేట్ డాక్టర్ల మధ్య గొడవ నడుస్తోంది. పేరు మార్చమని ఒక వర్గం, మారిస్తే మనిషి మళ్లీ చెకప్‌కి రాడని ఇంకో వర్గం. నేను మొదటి వర్గం, గట్టిగా!

బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, రిపోర్ట్ వచ్చింది. 3+3=6 అని ఉంది, అంటే ఆ ముక్కలో కణాల తీరుకి వేసిన రెండు గ్రేడ్లూ 3, కలిపితే 6. ఆ మనిషి ఏమనుకుంటాడు? పదికి ఆరు, సగం దాటిపోయింది అనుకుంటాడు. కానీ కాగితం మీద స్కోరు 2 నుంచి 10 దాకా ఉన్నా, ఇప్పటి బయాప్సీ రిపోర్టుల్లో లెక్క మొదలయ్యేదే 6 దగ్గర! అది అన్నిటికన్నా కింది మెట్టు. డొనాల్డ్ గ్లీసన్ 1960లలో కట్టిన లెక్క ఇప్పటికీ జనాన్ని హడలగొడుతోంది. తర్వాత 1 నుంచి 5 దాకా గ్రేడ్ గ్రూపులు తెచ్చారు, గ్లీసన్ 6 అందులో 1, సంతోషం. మరి పక్కన ఆ 6 ఇంకా ఎందుకు?

గ్రంథి మొత్తం తీసి చూశాక కూడా అచ్చంగా గ్లీసన్ 6 అని తేలితే, అది లింఫ్ గ్రంథులకు పాకడం దాదాపు ఉండదు. పాకని దానికి ఆ పేరేంటండీ?

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే ట్రయల్ జరిగింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేశారు: ఆపరేషన్, రేడియేషన్, వెంటనే చికిత్స చేయకుండా పరీక్షలతో కనిపెట్టి చూడటం. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ 3 శాతం అటూ ఇటూ. కనిపెట్టి చూసిన గుంపులో జబ్బు పాకినవాళ్లు ఎక్కువే, 9.4 శాతం. మిగతా రెండిట్లో 5 దగ్గర. కానీ ఆ ట్రయల్‌లో గ్లీసన్ 6 వాళ్లే కాదు, అంతకన్నా ముదిరినవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి వినండి. కనిపెట్టి చూసిన గుంపులో 61 శాతం మంది 15 ఏళ్లలోపు ఆపరేషన్‌కో రేడియేషన్‌కో వెళ్లారు. కొందరికి నిజంగా అవసరమైంది. మిగిలినవాళ్లని తరిమింది ఏంటి? ఆ పేరే అంటాను నేను! ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని నిద్రపోతున్నావా అని ఇంట్లోవాళ్లు రోజూ అడిగితే ఎవరు తట్టుకుంటారు? టెన్షన్ భరించలేక కోయించుకుంటారు. తర్వాత మూత్రం ఆగక ప్యాడ్లు, దాంపత్యంలో ఇబ్బంది. ఎవరితో చెప్పుకోవాలి?

పేరు మార్చడం కొత్తేమీ కాదు. థైరాయిడ్‌లో ఒక రకం గడ్డకి 2016లో నిపుణులే కూర్చుని కార్సినోమా అన్న మాట తీసేశారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

పేరు తీసేస్తే చెకప్ మానేస్తారట! బీపీ ఉన్నవాళ్లు క్యాన్సర్ అంటేనే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా? బయాప్సీ సూది పక్కనున్న ముదురు ముక్కని వదిలేయొచ్చు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. అందుకే కదా యాక్టివ్ సర్వైలెన్స్‌లో, అంటే ఈ కనిపెట్టి చూడటంలో, పీఎస్ఏ రక్తపరీక్ష, ఎమ్మారై, మళ్లీ బయాప్సీ ఉన్నది! అది చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు.

రిపోర్ట్ చేతిలో ఉన్నవాళ్లు ఇప్పుడే తీసి చూడండి. 3+3 ఉంటే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు, నన్ను కనిపెట్టి చూడటం కుదురుతుందా అని డాక్టర్‌ని నోరు తెరిచి అడగండి. అందులో 4 గానీ 5 గానీ కనిపిస్తే ఈ వీడియో మీ గురించి కాదు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.