దెయ్యాల ఆసుపత్రి అని పేరు పెట్టేముందు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య మా మేనల్లుడు నా ఫోనుకు ఒక ఫోటో పంపించాడు. పెచ్చులూడిన గోడలు, రెక్కలు లేని కిటికీలు, తుప్పుపట్టి ఒక పక్కకు ఒరిగిపోయిన ఇనుప మంచం, దాని మీద ఏటవాలుగా పడుతున్న సాయంత్రపు ఎండ. కింద ‘దెయ్యాల ఆసుపత్రి’ అని రాశాడు. అది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు, మా పక్క ఊళ్లో ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న పాత ఆసుపత్రి. చిన్నతనంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నది అక్కడే కనుక, ఆ భవనంలో నేను భయపడవలసినది ఏదైనా ఉంటే అది ఆ సూదే.

పాడుబడ్డ కట్టడాలను వెతుక్కుంటూ వెళ్లి ఫోటోలు తీసేవాళ్లు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ ఫోటోల్లో ఆసుపత్రులకు ఉన్న గిరాకీ మిల్లులకూ గోదాములకూ లేదు. ఆసుపత్రి అనగానే చావు గుర్తుకొస్తుంది, చావు గుర్తుకు రాగానే కథ పుడుతుంది. అమెరికాలో లూయీవిల్ నగరం దగ్గర వేవర్లీ హిల్స్ అనే పెద్ద క్షయ ఆసుపత్రి ఉంది. దెయ్యాల కథలకు అంత పేరుపడిన ఆసుపత్రి మరొకటి ఉండదేమో. అక్కడి సొరంగం ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. చనిపోయినవారిని మిగతా రోగుల కంట పడకుండా కొండ దిగువకు చేర్చిన దారి అది. ఇంతవరకు నిజమే. అయితే ఆ ఆసుపత్రి 1961లో ఎందుకు మూతపడిందో ఆ ఫోటోల కింద రాసేవాళ్లు తక్కువ. క్షయకు మందు దొరికింది, రోగులు తగ్గిపోయారు, మంచాలు ఖాళీ అయ్యాయి. అంటే మనం భయంతో చూస్తున్న ఆ శూన్యం, జనం బతికి బయటపడటం వల్ల ఏర్పడినది.

ఈ మార్పులో మన పక్కనున్న మద్రాసుకూ భాగం ఉంది. మందులు రాకముందు క్షయకు వైద్యమంటే మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి. శానటోరియాలనే పాత క్షయ ఆసుపత్రుల్లో పొడవాటి వరండాలు, నిలువెత్తు కిటికీలు కనిపించేది అందుకే. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు, ఆ తర్వాత మరికొన్ని మందులు వచ్చాయి. అప్పుడు, 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధనలో కొంతమంది రోగులను శానటోరియంలో ఉంచి, మరికొంతమందికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉండి మందులు వాడినవారికి కూడా దాదాపు అంత బాగానూ నయమైందనీ, వారి కుటుంబసభ్యులకు అదనంగా ముప్పేమీ కలగలేదనీ 1959లో ప్రకటించారు. నెలల తరబడి ఇల్లూ పిల్లలనూ వదిలి ఉండవలసిన అవసరం తీరిపోయింది.

మా పక్క ఊరి ఆసుపత్రి కథ ఇంత గొప్పది కాదు. రోడ్డుకు అవతల కొత్త భవనం కట్టారు, రోగులు అటు వెళ్లారు, అంతే. మిగిలిన పని వాన, రావిమొక్క కలిసి చేశాయి. కాకి వేసిన గింజ పిట్టగోడ సందులో మొలుస్తుంది, వేరు సున్నపు అతుకుల్లోకి దిగుతుంది, ఆ చీలికలోంచి నీళ్లు లోపలికి వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన తీరం దాటినప్పుడు ఆ వరండా పెంకులు చాలా మట్టుకు లేచిపోయాయి. టేకు తలుపులను మాత్రం ఏ తుపానూ తీసుకుపోలేదు, ఆ సంగతి మనందరికీ తెలుసు.

అలాంటి చోట్లకు వెళ్లే కుర్రవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, ఖాళీ చేసిన ఒక క్యాన్సర్ చికిత్సాలయంలో వదిలేసిన యంత్రాన్ని ఇద్దరు మనుషులు పాత ఇనుముగా అమ్ముదామని విప్పుకుపోయారు. దానిలో ఉన్న సీజియం అనే రేడియోధార్మిక పొడి చీకట్లో నీలంగా వెలుగుతుంటే, దాన్ని కొన్న పాత ఇనుము వ్యాపారి ముచ్చటపడి చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచాడు. నలుగురు చనిపోయారు, వారిలో ఒకరు ఆరేళ్ల పాప. కాబట్టి గోడలను ఫోటో తీసుకోండి, వస్తువుల జోలికి పోకండి. నేల మీద పాత కేసు కాగితాలు దొరికితే వాటి మీది పేర్లు ఫోటోలో పడకుండా చూడండి. ఆ మనుషులు మన మధ్యే ఉండవచ్చు.

మేనల్లుడి ఫోటోను పెద్దది చేసి చూస్తే గోడ మీద వెల్ల రాలిన చోట తలకిందులుగా ఉన్న కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, దాని పక్కన ‘మేమిద్దరం, మాకిద్దరు’ అన్న అక్షరాలు కనిపించాయి. ఆ రంగు కూడా లేచిన చోట, అడుగు పొరలో, ‘ఇద్దరు లేక ముగ్గురు’ అన్న ముక్క ఉంది. ప్రభుత్వం మనసు మార్చుకుని ముగ్గురిని ఇద్దరు చేసిన సంగతి ఆ గోడ దాచుకుంది.

ఆ ఫోటోను అక్కడ ఒకప్పుడు ఆయాగా పనిచేసిన ఒక ముసలమ్మకు చూపించాను. ఆమె ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని, కాసేపు చూసి, “ఇది కాన్పుల గది బాబూ. ఆ మంచం ఇక్కడిది కాదు, ఎవరో ఫోటో కోసం లాక్కొచ్చి పెట్టారు” అంది.