జనం లేని తీరంలో సర్ఫింగ్: బోర్డు తడిసే ముందు ఒడ్డున చేయాల్సిన పని

[తెర: కళింగపట్నం తీరం, తెల్లవారుజాము. లైట్‌హౌస్ మీది నుంచి కెమెరా నీళ్ల వైపు తిరుగుతుంది. నడుం ఎత్తు కెరటాలు. నీళ్లలో ఎవరూ లేరు.]

రుషికొండలోనో, తమిళనాడు కోవళంలోనో నేర్చుకున్నవాళ్లు ఈ తీరం చూస్తే బోర్డు పట్టుకుని పరిగెత్తాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. సర్ఫర్లు ఉన్నచోట కెరటం ఎక్కడ లేస్తుందో మీరు కనిపెట్టాల్సిన పనిలేదు, ముందే వచ్చి కూర్చున్నవాళ్లని చూస్తే చాలు. లోపలికి ఎటు నుంచి వెళ్లాలో, ఎక్కడ నీళ్లు లాగుతాయో వాళ్లని చూసే తెలిసిపోతుంది. ఉత్తరాంధ్రలో కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి చోట్ల చాలా ఉదయాలు ఆ సాయం దొరకదు. లైఫ్‌గార్డు ఉంటాడన్న లెక్క కూడా పెట్టుకోవద్దు. నీళ్లని మీరే చదవాలి. ఈ వీడియోలో ఎక్కువ భాగం దాని గురించే.

[తెర: తీరం అడ్డుకోత బొమ్మ. ఒడ్డు, లోతు, మళ్లీ ఎత్తుగా ఇసుక తిప్ప.]

మన తీరంలో కెరటాన్ని విరగ్గొట్టేది చాలాచోట్ల నీటి కింద ఉన్న ఇసుక తిప్ప. లెక్క సులువు: కెరటం ఎత్తుకి సుమారు 1.3 రెట్లు లోతు మిగిలినప్పుడు అది విరుగుతుంది. మీటరు కెరటం విరిగిందంటే అక్కడ లోతు దాదాపు 1.3 మీటర్లు, అంటే మీ ఛాతీ వరకు. కాబట్టి తెల్లటి నురగ గీత నీటి కింద తిప్ప ఎక్కడుందో చూపించే పటం. ఒడ్డుకి 80 మీటర్ల దూరంలో నురగ లేచి, మధ్యలో చల్లారి, మళ్లీ ఒడ్డున విరిగితే రెండు తిప్పలున్నట్టు. ఆ మధ్య భాగం మీ నెత్తి దాటేంత లోతు ఉండొచ్చు.

ఈ తిప్పలు నిలకడగా ఉండవు. తుఫాను వస్తే తీరం రూపమే మారుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోనే, పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి దెబ్బ తర్వాత పాత గుర్తులు నమ్మి దిగడం తెలివితక్కువ పని. పెద్ద వాన, పెద్ద కెరటాలు వచ్చిన ప్రతిసారీ తీరాన్ని కొత్తగా చూడాల్సిందే.

[తెర: ఒడ్డు మీద ఎత్తుగా ఉన్న చోటు. బోర్డు ఇసుక మీద, ఫిన్లు పైకి.]

ఎత్తున్న చోట నిలబడి 20 నిమిషాలు చూడండి. ఐదు నిమిషాలు సరిపోవు, ఎందుకంటే పెద్ద కెరటాలు విడివిడిగా రావు. మూడో నాలుగో కలిసి ఒక సెట్‌గా వస్తాయి. రెండు సెట్ల మధ్య పది నిమిషాలు గడిచినా ఆశ్చర్యం లేదు. మీరు ఆ ఖాళీలో చూస్తే సముద్రం చెరువులా కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక సెట్ వస్తుంది.

చూడాల్సింది రెండు చోట్లు: కెరటం విరిగే చోటు, విరగని చోటు. కొత్తవాళ్ల కన్ను రెండో చోటికే పోతుంది. అక్కడ నురగ ఉండదు, ప్రశాంతంగా ఉంటుంది. కానీ కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్లన్నీ సముద్రంలోకి తిరిగి వెళ్లే దారి అదే. రిప్ అనేది దాన్నే. గుర్తులు: రంగు చుట్టూ ఉన్న నీళ్లకంటే ముదురు, లేదా ఇసుక కలిసి గోధుమరంగు, పైన చిన్న చిన్న గజిబిజి అలలు, నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా లోపలికి పోవడం. అనుమానం ఉంటే ఒక ఎండుకొమ్మ విసిరి అది ఎటు పోతుందో చూడండి.

[తెర: ఫైబర్ బోటుని నలుగురు నీళ్లలోకి నెడుతున్నారు. బోటు నురగ తక్కువున్న దారిలో బయటికి వెళ్తుంది.]

ఇక్కడ ఇంకో సాయం ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. బోటు ఎటు దిగుతుందో చూడండి. విరిగే కెరటం మీదికి ఎవరూ బోటు నెట్టరు. లోతు ఎక్కువున్న సందులోంచే వెళ్తారు. అంటే బోటు దారి చూస్తే తిప్పల మధ్య సందు తెలిసిపోతుంది. వలలు బాగుచేసుకునే పెద్దవాళ్లని అడిగితే ఇంకా మంచిది. "బాబాయ్, ఈ వారం బోట్లు ఎటు దింపుతున్నారు?" అంటే చేయి చూపిస్తారు. "ఇక్కడ ఈత కొట్టొచ్చా?" అని అడక్కండి. దానికి ఎప్పుడూ ఒకటే జవాబు, "వద్దు బాబూ." వాళ్ల కోణంలో అది సరైనదే.

ఆ దారి తెలిసింది కదా అని దాంట్లోనే తిరగొద్దు. కెరటం మీద వస్తున్న బోటు పక్కకి తిప్పుకోలేదు, ఆపుకోలేదు. బోటు దారికి 100 మీటర్లు ఎడంగా, మరో సందు వెతుక్కోండి. మర పడవల వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు విరామం కాబట్టి అప్పుడు రద్దీ తక్కువ. తెప్పలు మాత్రం ఉంటాయి. ఒడ్డు నుంచి మనుషులు తాళ్లు పట్టి అలివి వల లాగుతుంటే, ఆ రెండు తాళ్ల మధ్యకి అసలు వెళ్లకూడదు. ఎంత దూరం వల ఉందో పైకి కనిపించదు. వల పైకొచ్చే వరకు ఆగండి, లేదంటే అర కిలోమీటరు నడిచి వేరే చోట దిగండి.

[తెర: మ్యాప్. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా, సముద్రం ఆగ్నేయంగా.]

గాలి సంగతి. మన తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది. కాబట్టి వాయవ్యం నుంచి, అంటే నేల మీంచి వచ్చే గాలి కెరటం ముఖాన్ని నున్నగా ఉంచుతుంది. సర్ఫర్లు ఆఫ్‌షోర్ అనేది దీన్నే. రాత్రి నేల చల్లబడటం వల్ల తెల్లవారుజామున ఈ గాలి దొరుకుతుంది. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై కెరటాన్ని చిందరవందర చేస్తుంది. వేసవిలో 9 దాటాక దిగడం దాదాపు వృథా. వెలుతురు రాగానే దిగి 8 గంటలకి బయటికొచ్చేలా చూసుకోండి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల అంచనాలు ఉచితంగా ఇస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు, కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. 6 సెకన్ల మీటరు కెరటం దగ్గర్లోని గాలి లేపింది, బలం తక్కువ. 14 సెకన్ల మీటరు కెరటం దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి రోజుల తరబడి వచ్చింది. తిప్ప మీదికొచ్చేసరికి ఇంకా ఎత్తు లేస్తుంది. ఇక్కడ గాలి లేకపోయినా అది వస్తుంది. ఇంకోటి, అంచనాలో ఇచ్చే ఎత్తు అన్నిటికంటే పెద్ద మూడో వంతు కెరటాల సగటు. వాటిలో ఏదో ఒకటి దానికి రెట్టింపు దగ్గర ఉండొచ్చు. కొత్తవాళ్లకి అర మీటరు నుంచి 0.8 మీటరు, 8 నుంచి 11 సెకన్లు చాలు. తుఫాను హెచ్చరిక ఉన్నరోజు ఎంత అందంగా కనిపించినా దిగొద్దు.

[తెర: అదే తీరం, ఆటులో ఒకసారి, పోటులో ఒకసారి.]

అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుపోట్ల మధ్య తేడా ఇక్కడ సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి, నవమి నాళ్లలో అందులో సగం కూడా ఉండదు. పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిండు పోటులో తిప్ప మీద లోతెక్కి కెరటం అక్కడ విరగదు, నేరుగా వచ్చి నిటారు ఒడ్డు మీద దభీమని పడుతుంది. బోర్డులు విరిగేది, భుజాలు జారేది అక్కడే. పూర్తి ఆటులో తిప్ప మీద నీళ్లు పలచబడి, కెరటం ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి కూలుతుంది. పోటు ఎక్కుతున్న మధ్య రెండు గంటలు నమ్మదగినవి.

నది సముద్రంలో కలిసే మొగల దగ్గరికి మాత్రం వద్దు. కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, కోనాడలో చంపావతి. మొగ ముందు ఇసుక పేరుకుని కెరటం చక్కగా లేస్తుంది, నిజమే. కానీ ఆటు సమయంలో నది నీళ్లు, సముద్రం నీళ్లు రెండూ ఒకే వైపు లాగుతాయి. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో దుంగలు కొట్టుకొస్తాయి. కనీసం కిలోమీటరు దూరంలో దిగండి.

[తెర: బోర్డు దగ్గరగా. లీష్, ఫిన్లు, వాక్స్.]

బోర్డు: మెత్తటి ఫోమ్ పైపూత ఉన్న 8 అడుగులది. మీ బరువు ఎన్ని కిలోలో, బోర్డు ఘనపరిమాణం కనీసం అన్ని లీటర్లు ఉండాలి. 70 కిలోల మనిషికి 70 లీటర్లు, ఇంకో పది ఎక్కువైతే ఇంకా హాయి. 6 అడుగుల బోర్డు ఫొటోలో బాగుంటుంది. నేర్చుకునేవాళ్లకి దాని మీద పడుకోవడమే ఒక విద్య. బోర్డు, విడి భాగాలు వెంట తెచ్చుకోండి, అద్దెకి దొరుకుతుందని బయల్దేరొద్దు.

లీష్, అంటే బోర్డుని కాలికి కట్టే తాడు, పొడవు బోర్డు పొడవంత. వెనక కాలి చీలమండ మీద, తాడు బయటి వైపుకి వచ్చేలా. బోర్డుకి కట్టే సన్నతాడు చిన్నదిగా ఉండాలి. పొడుగైతే ఆ సన్నతాడే అంచు మీద ఒరుసుకుని బోర్డుని కోస్తుంది. వెల్క్రోలో ఇసుక ఉంటే పట్టదు, కడిగి కట్టండి. వల కాలికి చుట్టుకుంటే వెల్క్రో చివర లాగి ఒక్క ఊపున విప్పగలగాలి. ఒడ్డునే కళ్లు మూసుకుని రెండుసార్లు విప్పి చూడండి. కాళ్లు జారకుండా బోర్డు మీద రుద్దే వాక్స్ కొనేటప్పుడు ట్రాపికల్ అని ఉన్నదే కొనాలి. చల్లటి నీళ్ల వాక్స్ మన నీళ్లలో వెన్నలా జారుతుంది.

[తెర: నడుం లోతులో సర్ఫర్. బోర్డు పక్కన, ముక్కు సముద్రం వైపు.]

దిగే ముందు ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోండి: దగ్గరగా ఒక తాటిచెట్టు, దాని వెనక దూరంగా లైట్‌హౌసో గుడి గోపురమో. రెండూ ఒకే గీతలో ఉంటే మీరు కదల్లేదు. విడిపోతే ఒడ్డు వెంట నీళ్లు మిమ్మల్ని తీసుకెళ్తున్నాయి. నైరుతి రుతుపవన నెలల్లో ఎక్కువగా ఈశాన్యం వైపు, నవంబరు తర్వాత ఎక్కువగా నైరుతి వైపు లాగుతుంది. ఇసుకలో పాదాలు ఈడుస్తూ నడవండి, అడుగు ఎత్తి వేస్తే కింద పడుకున్న టేకు చేప తోకముల్లు గుచ్చుకునే ప్రమాదం. బోర్డుని ఎప్పుడూ మీకూ కెరటానికీ మధ్య పెట్టకండి. నురగ దాన్ని మీ మూతి మీదికే విసురుతుంది.

పెద్ద బోర్డుని కెరటం కిందకి ముంచలేం. నురగ రెండు మీటర్ల దూరంలో ఉండగా ఛాతీ పక్కన రెండు అంచులూ గట్టిగా పట్టుకుని బోర్డుతో పాటు తలకిందులుగా దొర్లండి. మీరు కింద, బోర్డు పైన. బోర్డు ముక్కు కొద్దిగా కిందకి లాగి పట్టుకోండి. నురగ దాటగానే తిరిగి దొర్లి వెంటనే చేతులు ఆడించాలి. అక్కడ ఊపిరి తీసుకుంటూ ఆగితే తర్వాతిది మళ్లీ ఒడ్డుకి తోస్తుంది. మూడుసార్లు ఇలా చేసినా ముందుకి పోలేదంటే చోటు తప్పు. ఒడ్డుకొచ్చి సందు వెతకండి.

[తెర: కెరటం ఎక్కడం, పక్క నుంచి, నెమ్మదిగా.]

మొదట నురగలోనే సాధన. నడుం లోతులో బోర్డు ముక్కు ఒడ్డు వైపు తిప్పి పడుకోండి, ముక్కు నీళ్లకి రెండు మూడు అంగుళాల పైన ఉండాలి. నురగ నాలుగు మీటర్ల దూరంలో ఉండగానే చేతులు మొదలెట్టి, తోపు తగిలాక ఇంకో రెండు బారలు వేయండి. అప్పుడు అరచేతులు పక్కటెముకల పక్కన బోర్డు మీద ఆనించి, అంచులు పట్టుకోకుండా, ఒక్కసారిగా లేవాలి. మోకాళ్ల మీద ఆగడం అలవాటు చేసుకుంటే తర్వాత వదలదు. చూపు ఒడ్డు మీద. కాళ్లు చూస్తే అటే పడతారు.

విరగని కెరటానికి వెళ్లాక రెండే తప్పులు పదే పదే వస్తాయి. ముక్కు మునిగి మీరు పల్టీ కొడితే, ఆలస్యంగా మొదలెట్టారు, లేదా మరీ ముందుకి పడుకున్నారు. కెరటం కింద నుంచి జారిపోతే మరీ వెనక్కి ఉన్నారు. రెండు అంగుళాలు ముందుకి జరిగి చూడండి. కెరటం ఎన్నుకునేటప్పుడు గోడలా పొడుగ్గా లేచేదాన్ని వదిలేయండి. మధ్యలో ఎత్తుగా, పక్కకి వాలుగా ఉన్నదాన్ని తీసుకుని, బోర్డు ముక్కు ఆ వాలు వైపు కొంచెం తిప్పి మొదలెట్టండి.

పడేటప్పుడు వెల్లకిలా, చదునుగా పడండి. తల ముందు పెట్టి దూకితే కింద మీటరు లోతులో తిప్ప ఉంటుంది, మెడకి ప్రమాదం. పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తల చుట్టూ. ఎవరికైనా మెడ నొప్పి, కాళ్లు తిమ్మిరి అంటే మెడ కదపకుండా చదునుగా బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. సముద్రంలో ఎవరైనా కొట్టుకుపోతే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఒంటరిగా వెళ్లొద్దు. ఒడ్డున ఒకరు ఫోన్ పట్టుకుని మిమ్మల్నే చూస్తూ ఉండాలి, రీల్స్ చూస్తూ కాదు.

[తెర: పై నుంచి రిప్, పక్కగా బాణం గుర్తు.]

రిప్‌లో చిక్కితే బోర్డు వదలొద్దు, అది మీ ప్రాణం. లాగే నీళ్లకి ఎదురుగా ఒడ్డు వైపు ఈదకండి. రిప్ సాధారణంగా తిప్పకీ తిప్పకీ మధ్య సన్నగానే ఉంటుంది. ఒడ్డుకి సమాంతరంగా, నురగ కనిపించే వైపు వెళ్లండి. నురగలోకి చేరాక అదే ఒడ్డుకి తోస్తుంది.

జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే మంట పెరుగుతుంది. ఇసుకతో రుద్దొద్దు. టేకు ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం పెట్టి ఆసుపత్రికి వెళ్లండి, లోపల ముక్క మిగిలి ఉండొచ్చు.

జనవరి నుంచి వేసవి మొదటి వరకు ఈ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకటితో వచ్చేవాళ్లు టార్చి ఆర్పి, బండి రోడ్డు మీదే పెట్టి నడవాలి.

[తెర: సర్ఫర్ ఒడ్డుకి వస్తున్నాడు. వెనక చిన్న కెరటం.]

బయటికి వచ్చేటప్పుడు వెనక్కి చూస్తూ రండి. ఒడ్డు దగ్గర విరిగే కెరటం దాటేదాకా బోర్డు దిగొద్దు, సెట్ పోయాక చిన్నదాని మీద పడుకునే రండి. బోర్డుని అద్దాలు మూసిన కారులో ఎండలో వదిలితే పైపూత లోపల గాలి ఉబ్బి ఫోమ్ విడిపోతుంది. నీడ లేకపోతే తడి గుడ్డ కప్పి, అద్దాలు కొంచెం దించండి.