బ్రౌన్ ఏల్ రెసిపీ మనమే రాసుకుందాం: ఏ మాల్ట్ ఎందుకు, ఎంత?

నమస్తే అండి. ఈరోజు బ్రౌన్ ఏల్, అంటే గోధుమరంగు బీరు. ఎక్కడో దొరికిన రెసిపీని అలాగే కాచేయడం కాదు, తెల్లకాగితం ముందు పెట్టుకుని మనమే రాసుకుందాం. వీడియో అయ్యేసరికి 19 లీటర్లకి, అంటే 5 గ్యాలన్లకి, పూర్తి లెక్క మీ దగ్గర ఉంటుంది. అందులో ప్రతి గ్రాము ఎందుకు పడిందో కూడా తెలుస్తుంది. నాకు కావాల్సింది అదే.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. నేను ఉండేది అమెరికాలో. ఇక్కడ 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 200. అమ్మకూడదు. స్టేట్ రూల్స్ వేరే ఉంటాయి, మీ స్టేట్‌వి ఒకసారి చూసుకోండి. ఆంధ్రా, తెలంగాణల నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట: అక్కడ లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. మీరు ఈ వీడియోని గ్లాసులో ఉన్నదాని రుచి అర్థం చేసుకోవడానికి చూడండి. ఇంట్లో కాచకండి.

సరే, బ్రౌన్ ఏల్ అంటే ఏంటి? దీని పుట్టిల్లు ఇంగ్లండ్. అక్కడే రెండు దారులున్నాయి. లండన్ వైపు మాన్స్ బ్రౌన్ ఏల్ లాంటివి, 1902లో మొదలైంది అది, బాగా తియ్యగా ఉంటుంది, ఆల్కహాల్ 3 శాతం కూడా ఉండదు. ఉత్తరాన న్యూకాజిల్‌లో జిమ్ పోర్టర్ అనే బ్రూవర్ 1927లో న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ తెచ్చాడు. అది 4.7 శాతం, రంగు తేలిక, తీపి తక్కువ. తర్వాత అమెరికా హోమ్‌బ్రూయర్లు ఇదే బీరుని పట్టుకుని హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) పెంచారు. పీట్ స్లాస్‌బర్గ్ అలాంటివాడే. ఇంట్లో కాచడంతో మొదలుపెట్టి 1986లో పీట్స్ వికెడ్ ఏల్‌ని మార్కెట్లోకి తెచ్చాడు.

ఈ మూడింటిలో మనకి ఏది కావాలో తేల్చుకోకుండా మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ, కొనడానికి వెళ్లొద్దు. రెసిపీలో మొదటి పని ఇదే. కావాల్సిన రుచిని మామూలు మాటల్లో రాసుకోండి. నేను రాసింది చదువుతాను: "కాల్చిన బ్రెడ్ అంచు, వేయించిన పప్పుగింజల వాసన, వెనకాల కొంచెం క్యారమెల్. మింగాక నోట్లో తీపి నిలవకూడదు. కాఫీ చేదు రాకూడదు." అంతే. ఇంగ్లండ్ ఉత్తరాది బ్రౌన్ ఏల్, కాస్త ఎక్కువ కమ్మదనంతో. ఈ కాగితం దాచుకోండి, బాటిల్ తెరిచే రోజు దీనితోనే పోల్చుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలా బ్రౌన్ ఏల్ రెసిపీలు ఎలా ఉంటాయంటే, బేస్ మాల్ట్ (ఎక్కువ భాగం పడే మామూలు మాల్ట్), దండిగా క్రిస్టల్ మాల్ట్, రంగు కోసం చాక్లెట్ మాల్ట్. బ్రౌన్ రంగు వస్తుంది, కాదనను. తాగితే మాత్రం రెండిట్లో ఒకటవుతుంది: క్రిస్టల్ ఎక్కువైతే పాకంలా మొహం మొత్తుతుంది, చాక్లెట్ ఎక్కువైతే పలచటి పోర్టర్ (నల్లటి ఇంగ్లీష్ బీరు) అయిపోతుంది. ఈ రెండిటి మధ్యలో ఉండాల్సిన రుచి, ఆ బిస్కెట్, పప్పుగింజల రుచి, అసలు కనిపించదు. నా దృష్టిలో బ్రౌన్ ఏల్‌కి ప్రాణం ఆ మధ్య భాగమే. రంగు చూసి మాల్ట్ ఎంచుకుంటే అది దొరకదు.

ఎందుకు దొరకదో చూద్దాం. మాల్ట్ అంటే బార్లీని నానబెట్టి, మొలక రానిచ్చి, ఆరబెట్టింది. ఎంత వేడి, ఎంతసేపు, ఆ వేడి తగిలేటప్పుడు గింజ తడిగా ఉందా పొడిగా ఉందా, దీన్నిబట్టే రుచి. క్రిస్టల్ మాల్ట్‌కి గింజ తడిగా ఉండగానే వేడి తగులుతుంది. లోపలి పిండి గింజలోనే చక్కెర అవుతుంది, తర్వాత గాజుముక్కలా గట్టిపడుతుంది. ఇదిగో, కొరికి చూపిస్తాను. (గింజని కెమెరాకి దగ్గరగా) లోపల చూడండి, తెల్లటి పిండి లేదు, ముదురు తేనె రంగులో మెరుస్తోంది. ఇందులో కొంత భాగాన్ని ఈస్ట్ (చక్కెరని తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి) తినలేకపోతుంది, అందుకే బీరులో తీపి మిగులుతుంది. అంబర్ మాల్ట్ అలా కాదు. ఆరిన గింజని పొడిగా వేయిస్తారు. క్యారమెల్ ఉండదు, బిస్కెట్ వాసన ఉంటుంది. చాక్లెట్ మాల్ట్‌ని ఇంకా చాలా ముదరనిస్తారు. పేరే గానీ అందులో చాక్లెట్ లేదు, ఆ రంగు, ఆ చేదు ఉంటాయి. వేరుశనగపప్పు వేయించేటప్పుడు పచ్చివాసన పోయి కమ్మగా వచ్చే క్షణం ఒకటుంటుంది చూడండి, అంబర్ అక్కడ ఆగుతుంది. ఇంకాసేపు బాణలిలో ఉంచితే మాడు చేదు మొదలవుతుంది, చాక్లెట్ మాల్ట్ దాని అంచున ఉంటుంది.

ఇది నేను చెప్తే నమ్మక్కర్లేదు. బ్రూ చేయకముందే రుచి చూసే పద్ధతి ఉంది. దీని మీద కాస్త టైమ్ పెడదాం, ఎందుకంటే రెసిపీ నిజంగా ఇక్కడే తయారవుతుంది.

నాలుగు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకోండి. ఒకటే ఉంటే ఒకదాని తర్వాత ఒకటి చేయండి. మొదటిదాంట్లో మారిస్ ఆటర్ బేస్ మాల్ట్ 50 గ్రాములు, మిక్సీలో ఒక్కసారి తిప్పి రవ్వలా చేసింది. రెండోదాంట్లో క్రిస్టల్ 25, బేస్ 25. మూడోదాంట్లో అంబర్ 25, బేస్ 25. నాలుగోదాంట్లో చాక్లెట్ 7.5 గ్రాములు మాత్రమే, మిగతా 42.5 బేస్. ఒక్కోదాంట్లో 65 డిగ్రీల వేడినీళ్లు 400 ఎంఎల్ పోసి, మూత బిగించి బాగా కుదిపి, 15 నిమిషాలు వదిలేయండి. తర్వాత కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి చల్లారనివ్వండి.

(నాలుగు గ్లాసులు వరసగా) బేస్ చూడండి, లేత గడ్డి రంగు, బ్రెడ్ వాసన. క్రిస్టల్‌ది రాగి రంగు, ముక్కు దగ్గర పెట్టగానే క్యారమెల్. అంబర్ రంగు క్రిస్టల్ కంటే తేలిక, కానీ వాసన చూడండి, ఇప్పుడే బేకరీలోంచి వచ్చిన బిస్కెట్. చాక్లెట్‌ది ముదురు కాఫీ రంగు. నాలుక చివర కొంచెం పొడిబారినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు కలపాలి. మందు పోసే సిరంజి ఉంటే అది చాలు. ఒక గ్లాసులో బేస్ 50 ఎంఎల్, క్రిస్టల్ 14, అంబర్ 12, చాక్లెట్ 24. చాక్లెట్ 24 అనగానే టెన్షన్ పడకండి. ఆ గ్లాసులో అసలు చాక్లెట్ మాల్ట్ 15 శాతమే కాబట్టి, కలిపిన దాంట్లో అది మూడున్నర శాతం దగ్గరే ఉంటుంది. ఇలా వచ్చిన 100 ఎంఎల్‌లో ఉన్న పాళ్లే మన రెసిపీ పాళ్లు. అసలు వర్ట్ (పులియకముందు ఉండే మాల్ట్ నీళ్లు) కంటే పలచగా ఉంటుంది, తీపి కూడా పులిశాక చాలావరకు పోతుంది, కాబట్టి తీపిని పట్టించుకోకండి. వాసన, చివర్లో మిగిలే రుచి, ఈ రెండే గమనించండి. పక్కన ఇంకో గ్లాసులో అంబర్ లేకుండా, దాని బదులు బేస్ పోసి కలపండి. రెండూ మార్చి మార్చి తాగి చూడండి. రంగులో పెద్ద తేడా ఉండదు. రుచిలో మాత్రం రెండో గ్లాసు మధ్యలో బోసిగా ఉంటుంది. అంబర్ ఏం చేస్తుందో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక లెక్క రాసుకోండి. మారిస్ ఆటర్ మూడున్నర కిలోలు. ఇది 1960ల నుంచి ఇంగ్లండ్‌లో పండిస్తున్న బార్లీ రకం, కేంబ్రిడ్జ్‌లో తయారైంది. అమెరికన్ టూ-రో అనే మామూలు బేస్ మాల్ట్ కంటే ఖరీదే, కానీ ఈ బీరులో ఆ బ్రెడ్ రుచి కోసం డబ్బు పెట్టొచ్చు. క్రిస్టల్ 60 లోవిబాండ్‌ది 300 గ్రాములు. అంబర్ 250 గ్రాములు. చాక్లెట్ 150 గ్రాములు. మొత్తం 4.2 కిలోలు. మాల్ట్‌లోని చక్కెరలో 72 శాతం నీళ్లలోకి దిగితే (దీన్నే ఎఫిషియెన్సీ అంటారు) ఒరిజినల్ గ్రావిటీ, అంటే పులియకముందు నీళ్లతో పోలిస్తే వర్ట్ ఎంత చిక్కగా ఉందో, 1.048 దగ్గర, చివరికి 1.012కి దిగితే ఆల్కహాల్ సుమారు 4.7 శాతం.

లోవిబాండ్ అన్నాను కదా, అది మనిషి పేరు. జోసెఫ్ లోవిబాండ్ కూడా ఇంగ్లండ్‌లో బీరు కాచినవాడే. బీరు రంగుని కొలవడానికి రంగు గాజుపలకలతో 1880ల్లో ఒక పరికరం చేశాడు. మన బీరు రంగు లెక్క ప్రకారం 18 ఎస్ఆర్ఎం (బీరు రంగు ఎంత ముదురో చెప్పే అంకె) వస్తుంది. ఆ 150 గ్రాముల చాక్లెట్ మాల్ట్ తీసేస్తే 10 దగ్గరే ఆగిపోతుంది. అంటే రంగులో దాదాపు సగం ఈ పిడికెడు గింజలదే. అందుకే దీన్ని చేత్తో అంచనా వేయకండి, గ్రాముల కాటా వాడండి.

హాప్స్ ఈ బీరులో వెనకే ఉండాలి. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ 35 గ్రాములు 60 నిమిషాల మరుగుకి, ఇంకో 15 గ్రాములు ఆఖరి 10 నిమిషాలకి. ఆల్ఫా (హాప్స్‌లో చేదునిచ్చే ఆమ్లం) 5 శాతం ఉంటే చేదు 25 ఐబీయూ (చేదుని కొలిచే అంకె) వస్తుంది. ప్యాకెట్ మీద 6 శాతం అని ఉంటే మొదటి హాప్స్‌ని 29 గ్రాములకి తగ్గించండి. ప్రతి పంటకీ ఆల్ఫా మారుతుంది, ప్యాకెట్ చూడకుండా వేయొద్దు.

ఈస్ట్ సేఫేల్ ఎస్-04 ఒక ప్యాకెట్, 11.5 గ్రాములు. యూఎస్-05 అనే ఇంకో ఈస్ట్ వేసినా బీరు అవుతుంది, కానీ ఇంకా పొడిగా, ఇంగ్లీష్ ఏల్‌లో ఉండే ఆ పండు వాసన లేకుండా వస్తుంది. ఈ రెసిపీకి నేను ఎస్-04 దగ్గరే ఉంటాను.

నీళ్ల గురించి రెండు ముక్కలు. కుళాయి నీళ్లలో క్లోరిన్, క్లోరమైన్ ఉంటాయి. అవి బీరులో బ్యాండేజ్ వాసన తెస్తాయి. క్యాంప్‌డెన్ మాత్ర (క్లోరిన్‌ని పోగొట్టే సల్ఫైట్ మాత్ర) సగం పొడి చేసి 27 లీటర్లలో కలిపితే చాలు. మీ నీళ్లు బాగా మెత్తటివైతే, అంటే లవణాలు తక్కువైతే, క్యాల్షియం క్లోరైడ్ ఒక 4 గ్రాములు వేయండి, మాల్ట్ రుచి నిండుగా వస్తుంది.

బ్రూ చేసే రోజు పని పెద్దగా చెప్పను, సంచి పద్ధతే. 40 లీటర్ల కెటిల్లో 27 లీటర్ల నీళ్లు 70 డిగ్రీలకి తెచ్చి, సంచి పరిచి, నూరిన మాల్ట్ వేసి ఉండలు లేకుండా కలపండి. వేడి 67కి దిగుతుంది. మూత పెట్టి, దుప్పటి చుట్టి ఒక గంట. ఈ 67 ముఖ్యం. 64 దగ్గర ఉంచితే ఈస్ట్ తినే చక్కెర ఎక్కువై బీరు పలచన అవుతుంది, 70 దగ్గర ఉంచితే తినలేనిది మిగిలి చిక్కబడుతుంది. తర్వాత సంచి ఎత్తి, పిండి, మరిగించండి. మొదటి పొంగు వచ్చేటప్పుడు పొయ్యి దగ్గరే నిలబడండి, ఒక్క క్షణంలో కెటిల్ దాటేస్తుంది. గంట మరిగాక 18 డిగ్రీలకి చల్లార్చండి. ఇక్కడి నుంచి వర్ట్‌కి తగిలేదేదైనా శానిటైజర్‌లో మునిగి రావాల్సిందే.

వర్ట్‌ని ఫర్మెంటర్‌లో, అంటే పులియబెట్టే పాత్రలో, పోసి ఈస్ట్ వేసి, 18, 19 డిగ్రీల్లో ఉంచండి. పులిసేటప్పుడు లోపల దానంతటదే వేడి పుడుతుంది, గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటుంది. అందుకే గదిది కాదు, ఫర్మెంటర్ వేడి చూడాలి. గది వెచ్చగా ఉంటే నీళ్ల టబ్బులో నిలబెట్టండి.

రెండు వారాలయ్యాక హైడ్రోమీటర్‌తో (గ్రావిటీ కొలిచే పరికరం) చూడండి, మూడు రోజులాగి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే అంకె రావాలి. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్ బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని మూత) బుడగలు ఆగాయి కదా అని బాటిల్ చేయొద్దు. పులియడం మిగిలి ఉండగా మూత బిగిస్తే గాజు సీసా పేలుతుంది, కళ్లు పోయే ప్రమాదం అది. ఇక్కడ తొందర వద్దండి, నిజంగా చెప్తున్నాను. అంకె నిలిచాక 90 గ్రాముల పంచదార మరిగించిన నీళ్లలో కరిగించి, బీరులో కలిపి, గట్టి బీరు సీసాల్లోనే నింపండి. రెండు వారాలు గది వేడిలో.

తెరిచేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి ఒక పావుగంట బయట ఉంచండి, 10, 12 డిగ్రీలకి రావాలి. మరీ చల్లగా ఉంటే ఆ పప్పుగింజల వాసన పైకి రాదు. ఇప్పుడు దాచిన కాగితం తీయండి. నోట్లో తీపి నిలిచిందా? క్రిస్టల్‌ని 300 నుంచి 200కి దించి, ఆ 100 గ్రాములు మారిస్ ఆటర్ కలపండి, గ్రావిటీ పెద్దగా మారదు. కాఫీ చేదు తగిలిందా? అదే 150 గ్రాములకి పేల్ చాక్లెట్ మాల్ట్ వాడండి, రంగు కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. కమ్మదనం చాలలేదా? అంబర్‌ని 350కి పెంచండి. అంతకు మించితే నోరు పొడిబారుతుంది, ముందు సిరంజితో కలిపి చూసుకోండి. ఒక్కో బ్యాచ్‌కి ఒక్క మార్పే. మాష్ వేడి (మాల్ట్ నానబెట్టిన ఆ 67 డిగ్రీలు), ఈస్ట్, నీళ్లు, పాత బ్యాచ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి.

అమెరికన్ బ్రౌన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ మాల్టులేవీ కదపకుండా, ఆఖరి 10 నిమిషాల గోల్డింగ్స్ తీసేసి క్యాస్కేడ్ అనే అమెరికన్ హాప్స్ 30 గ్రాములు వేసి చూడండి. అంబర్ బిస్కెట్ వాసన పక్కన ఆ నారింజ తొక్క వాసన బాగా కుదురుతుంది.