ఘాటు పోయింది, మసి పోలేదు

"బాగా ఆరబెట్టాం, అమ్మోనియా ఘాటంతా పోయింది. ఇక మేపడానికి భయమెందుకు?" పశుగ్రాసం శుద్ధి గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పొయ్యి ఆర్పేశాం. పొగ కూడా బయటికి పోయింది. అంతమాత్రాన గిన్నె అడుగున మసి పోతుందా? ఈరోజు నేను చెప్పేదంతా ఆ మసి గురించే.

నాసిరకం గడ్డి పశువుకు బాగా అరగడానికి, అందులో మాంసకృత్తులు పెరగడానికి అమ్మోనియా పట్టిస్తారు. గడ్డి బరువులో సుమారు 3 శాతం ఎక్కించి, గాలి చొరబడకుండా కప్పుతారు. వరిగడ్డి, గోధుమ గడ్డిలో చక్కెరలు చాలా తక్కువ కాబట్టి ఇబ్బంది రాదు. అది మంచి పద్ధతి, నేను దాన్ని తప్పుపట్టను. చిక్కల్లా "నాసిరకం గడ్డికే ఇంత మేలు జరిగితే, మేలురకానికి ఇంకెంత" అనుకోవడంతోనే వస్తుంది. లేతగా కోసి ఎండబెట్టిన గడ్డిలో చక్కెరలు ఎక్కువ. అమ్మోనియా, చక్కెర, వేడి ఒకచోట చేరితే 4-మిథైల్ ఇమిడజోల్ అనే విష పదార్థం పుడుతుంది. కుప్ప 70 డిగ్రీల సెల్సియస్ దాటి కాగితే ముప్పు మరీ ఎక్కువ. అమ్మోనియా వాయువు, ఎగిరిపోతుంది. ఈ పుట్టినది మాత్రం గడ్డిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకే నిప్పు, కానీ కట్టెను బట్టి మసి!

మసికి ఇంకో గుణం ఉంది, తాకినవాళ్లకల్లా అంటుకుంటుంది. ఈ విషం పాలలోకి దిగుతుంది. తల్లి ఆవు నింపాదిగా నెమరు వేస్తూ ఉంటుంది. దాని పాలు తాగిన దూడకు చెవులు అదురుతాయి, కనురెప్పలు టపటపా కొట్టుకుంటాయి, ఒళ్లంతా వణుకుతుంది. ఉన్నట్టుండి గుండ్రంగా పరుగు లంకించుకుంటుంది. ఎదురుగా కంచె ఉన్నా, గోడ ఉన్నా చూడదు, వెళ్లి గుద్దుకుంటుంది. కాసేపు చల్లబడుతుంది, మళ్లీ మొదలు. ఆ గడ్డిలో ఒక్క పరక కూడా నోట పెట్టని దూడకు ఈ బాధ. నేను తట్టుకోలేనిది ఇదే.

ఈ మసి అమ్మోనియాతోనే వస్తుందనుకోకండి. ఒకప్పుడు సోయా గింజల నుంచి నూనె తీయడానికి ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావణిని వాడేవారు. తర్వాత దాన్ని ఆవిరి చేసి, మిగిలిన పిండిని పశువులకు పెట్టేవారు. అది తిన్న పశువులు విషబాధకు గురయ్యాయని 1916లోనే స్కాట్లాండులో నివేదిక వచ్చింది. అయినా 1950ల తొలినాళ్లలో అమెరికాలో అదే మళ్లీ జరిగింది. ద్రావణి పిండిలోని సిస్టీన్‌తో (మాంసకృత్తులలో ఉండే ఒక అమైనో ఆమ్లం) కలిసి, ఎముక మూలుగను దెబ్బతీసే కొత్త పదార్థంగా మారింది. పశువు రక్తం కారి చనిపోయేది. అదీ మేపడం మొదలైన వారాల తర్వాత! అప్పుడు దాణా మీద అనుమానం ఎవరికి వస్తుంది?

సమయం దగ్గరపడింది కాబట్టి నార్వే సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. హెర్రింగ్ చేపలు చెడకుండా సోడియం నైట్రైట్ కలిపారు. అది చేపల్లో ఉండే అమైన్లు అనే నత్రజని పదార్థాలతో కలిసి డైమిథైల్‌నైట్రోసమైన్ అనే కొత్త విషం అయింది. ఆ చేపపిండి తిన్న పశువుల కాలేయాలు పాడయ్యాయి. 1960లలో గానీ కారణం తేలలేదు. ఇదీ మసే.

ఇక చేయవలసింది. మేలురకం గడ్డికి అమ్మోనియా పట్టించకండి. దూడలో నేను చెప్పిన లక్షణాలు కనిపిస్తే తల్లికి ఆ గడ్డి ఆపండి, దూడను ఆ పాలకు దూరంగా ఉంచండి, పశువైద్యుణ్ని పిలవండి. తల్లికి ఏ గడ్డి వేశారో ఆయన అడగకముందే చెప్పండి. నెమరు వేస్తున్న ఆవును చూస్తే ఆయనకు కూడా అనుమానం రాదు.