బురదలో మనిషి, ఎదురుగా యంత్రం

అందరికీ నమస్కారం. ఇవాళ ప్రిడేటర్ సినిమాల గురించి మాట్లాడమన్నారు, మీలో సగం మందికి కథలు నాకంటే బాగా తెలిసే ఉంటాయి కాబట్టి కథలు చెప్పను, వేట కోసమే వేరే గ్రహం నుంచి వచ్చే ఆ ప్రిడేటర్ అనే వేటగాడికి ఎదురు నిలిచినవాళ్ళ గురించి చెప్తాను.

1987 నాటి మొదటి సినిమాలో ఒక సీన్ ఉంది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ జలపాతంలో పడి, ఒడ్డుకి పాకి, ఒళ్ళంతా బురదతో ఓ చెట్టు వేళ్ళ దగ్గర కూలబడతాడు, ఇక నా పని అయిపోయిందనే అనుకుంటాడు. వేటగాడు నీళ్ళలోంచి లేచి బాగా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోతాడు. వాడికి కనపడేది మనిషి కాదు, ఒంటి వేడి, దాన్ని చల్లటి బురద కప్పేసింది. అంతకుముందు అదే అడవిలో కమాండోలంతా కలిసి చెట్లు నేలకూలేదాకా తూటాలు కురిపించినా ఒక్క శవం దొరకలేదు, చివరికి ఎండలో గేదె చేసే పనే మనిషిని కాపాడింది! ఇంకోటి, ఆయుధం లేనివాణ్ణి వాడు వేటాడడు. అందుకే వాళ్ళ వెంట ఉన్న అన్నా అనే అమ్మాయి తుపాకీ అందుకోబోతే ష్వార్జ్‌నెగ్గర్ దాన్ని కాలితో తన్నేస్తాడు.

1990లో వచ్చిన రెండో భాగంలో ప్రభుత్వం వాళ్ళకి ఈ వేడి సంగతి ముందే తెలుసు. వేడి బయటికి పోని సూట్లు వేసుకుని, కబేళాలో మాటు వేస్తారు. వాడు ముసుగులో చూపు మార్చుకుంటాడు, వీళ్ళ లైట్ల వెలుగే వీళ్ళని పట్టిస్తుంది. అంత ఏర్పాటూ బూడిదలో పోసిన పన్నీరు.

నాకు బాగా నచ్చింది మాత్రం 2022 నాటి ప్రే. 1719లో జరిగే కథ, నారూ అనే కొమాంచీ అమ్మాయి, అంటే అమెరికా ఆదివాసీ తెగ పిల్ల. ఒంటిని చల్లబరిచే పువ్వు తిని వాడి కంటికి కనపడకుండా పోతుంది, తర్వాత వాణ్ణి ఊబిలోకి లాగుతుంది, ఒకసారి తనే దిగబడి చావు తప్పించుకున్న ఊబి అది. వాడి బాణం ముసుగు చూపిన చోటికే వెళ్తుందని అప్పటికే కనిపెట్టింది కాబట్టి, ముసుగుని వాడివైపే తిప్పి పెట్టింది. మళ్ళీ బురదే, చూడండి.

ఇక యంత్రాలు. 2025లో వచ్చిన బ్యాడ్‌ల్యాండ్స్‌లో మనుషులే లేరు. డెక్ అనే కుర్ర వేటగాడు, వేలండ్-యుటానీ కంపెనీ పంపిన సింథటిక్‌లు, అంటే మనిషి రూపంలో ఉండే యంత్రాలు. వీటికి తుపాకీ చూస్తే భయం లేదు, చస్తామన్న బెంగ లేదు, పై నుంచి ఆర్డర్ వస్తే చాలు. డెక్ పరిస్థితీ అంతకంటే మెరుగేం కాదు, బలహీనుడని కన్నతండ్రే చంపమన్నాడు. ఇక టెస్సా అనే సింథటిక్‌కి ఆర్డర్లిచ్చే కంప్యూటర్ పేరు మదర్, అంటే అక్కడ నాన్న, ఇక్కడ అమ్మ!

అసలు తమాషా ఏంటంటే, తన ఆయుధాలన్నీ పోయాక డెక్ తను వేటకొచ్చిన గ్రహం మీది మొక్కలూ పురుగులూ జంతువులనే ఆయుధాలుగా చేసుకుంటాడు. ష్వార్జ్‌నెగ్గర్ అడవిలో చేసిందీ అదే. ఎదురుగా యంత్రం నిలబడేసరికి వేటగాడు మనిషి చోట్లోకి వచ్చేశాడు.

నిజం చెప్పాలంటే, ఆ సింథటిక్ సైనికులు గుట్టలుగా పడుతుంటే నాకు టెన్షన్ రాలేదు, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది కదా అనిపించింది. థియా దగ్గర మాత్రం అలా కాదు. నడుము కింద లేని ఆ సింథటిక్‌ని డెక్ మొదట పనిముట్టు అనుకునే వీపుకి కట్టుకుంటాడు. తర్వాత ఓ ఫైట్‌లో ఆమె పై సగం ఒకవైపు, కాళ్ళు ఇంకోవైపు విడివిడిగా తంతుంటే, హాల్లో నా పక్కాయన పాప్‌కార్న్ వదిలేసి చప్పట్లు కొట్టాడు.