సెకండ్ హ్యాండ్ మినీ లేత్ కొనాలా వద్దా? 7 బై 12 మెషిన్ దగ్గరుండి చూద్దాం

నమస్కారం అండి. ఇప్పుడు మీరు చూస్తున్నది చైనా 7 బై 12 మినీ లేత్, అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే చిన్న మెషిన్. పేరు, రంగు కంపెనీకొకటి మారుతుంది కానీ లోపల మెషిన్ దాదాపు ఒకటే. 7 అంటే బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే కింది ఇనుప దిమ్మ) మీద తిరగగలిగే ముక్క గరిష్ఠ వ్యాసం అంగుళాల్లో, సుమారు 180 మిల్లీమీటర్లు, 12 అంటే ముక్కను రెండు చివరలా పట్టే సెంటర్ల మధ్య పొడవు, సుమారు 300 మిల్లీమీటర్లు. హైదరాబాద్ బాలానగర్ షాపుల్లో తిరిగే పెద్ద లేత్‌లతో దీన్ని పోల్చకండి. ఇది 40 కిలోల మెషిన్, ఇద్దరు పట్టుకుంటే ఇంట్లోకి వచ్చేస్తుంది, సింగిల్ ఫేజ్ కరెంట్ చాలు.

అమ్ముతున్నది రిటైర్ అయిన పెద్దాయన, చిన్న స్టీమ్ ఇంజిన్ మోడల్స్ చేసుకునేవారు. 42 వేలు చెప్పారు. పెయింట్ బాగుంది, కానీ నేను పెయింట్ చూడను, ముందు కరెంట్ పెట్టి తిప్పి చూపించమంటాను. ఎందుకంటే మూడేళ్ల క్రితం నేను మొదటి లేత్ కొన్నప్పుడు అక్కడ కరెంట్ లేదు, మాట నమ్మి డబ్బులిచ్చేశాను, ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే మోటార్ కదల్లేదు, కంట్రోల్ బోర్డు కాలిపోయి ఉంది. ఆ బోర్డు కోసం నేను నెలన్నర తిరిగాను. బేరింగ్ పోతే దొరుకుతుంది, గేర్ పోతే దొరుకుతుంది, సరిపోయే బోర్డు దొరకడమే కష్టం. అందుకే ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి, స్పీడ్ నాబ్ నెమ్మదిగా పెంచండి, మధ్యలో ఒక్కసారిగా స్పీడ్ ఎగిరినా, కాలిన వాసన వచ్చినా ఆ మెషిన్ వదిలేయండి.

ఇప్పుడు చెవి దగ్గర పెట్టి వినండి. టక్... టక్... టక్. లో గేర్‌లోనే వస్తోంది, హై గేర్‌లో లేదు. హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే ఎడమవైపు పెట్టె) లోపలి గేర్లు ప్లాస్టిక్‌వి, మెషిన్ తిరుగుతుండగా లీవర్ మార్చితే పన్ను విరుగుతుంది. ఇదిగో, కవర్ తీశాను, ఒక పన్ను సగానికి లేదు. ఇది భయపడాల్సిన విషయం కాదు, ధర తగ్గించమని అడగాల్సిన విషయం.

అన్నిటికన్నా నేను ఎక్కువసేపు చూసేది బెడ్. క్యారేజ్‌ని (కోత పనిముట్టును మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) చేత్తో టెయిల్‌స్టాక్ (కుడి చివర ముక్కకు ఆనిచ్చే భాగం) వైపు నుంచి చక్ (ముక్కను బిగించి పట్టేది) వైపు లాగండి. అందరూ పని చేసేది చక్ దగ్గరే కాబట్టి అరిగేది కూడా అక్కడే. అక్కడ సాఫీగా జరిగేలా జిబ్ స్క్రూలు (క్యారేజ్ వదులు సరిచేసేవి) బిగించి, తర్వాత టెయిల్‌స్టాక్ చివరికి తోయండి. అక్కడ పట్టేసినట్టు గట్టిగా అయితే, చక్ దగ్గర బెడ్ అరిగిందన్నమాట, దాన్ని ఇంట్లో సరిచేయలేం. ఈ మెషిన్‌లో రెండు చివరలా ఒకేలా జరుగుతోంది, నాకు ఇక్కడే మనసు కుదిరింది.

స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ముక్కు మీద డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపించే కొలత సాధనం) పెట్టి కింద నుంచి చెక్కతో ఎత్తుతున్నాను, ముల్లు 0.04 మిల్లీమీటర్లు కదిలింది. కొంచెం ఎక్కువే. కానీ వీటిలో వచ్చేది 6206 బాల్ బేరింగ్, బేరింగ్ షాపులో మామూలుగా దొరికేదే, చాలామంది దాని బదులు 30206 టేపర్ రోలర్ బేరింగ్ వేసుకుంటారు కూడా. స్పిండిల్ లోపలి ఎంటీ3 టేపర్‌లో (లోపలికి సన్నబడే రంధ్రం) గీతలున్నాయేమో మాత్రం వేలు పెట్టి చూడండి, కానీ మెషిన్ ఆపి, ప్లగ్ తీసి.

చివరగా కోత. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం రాడ్ 80 మిల్లీమీటర్లు చక్ బయటికి ఉంచి సన్నగా తీశాను, రెండు చివరల వ్యాసం తేడా 0.03 మిల్లీమీటర్లు. హెడ్‌స్టాక్ కింద సన్నటి రేకు ముక్క వేసి సరిచేయొచ్చు.

సామాన్లు లెక్కపెట్టడం మర్చిపోవద్దు. థ్రెడ్ (మర) కోయాలంటే దాని సైజును బట్టి మార్చుకునే చేంజ్ గేర్లు మొత్తం ఉండాలి, ఈయన డబ్బాలో రెండు లేవు. ఫోర్ జా చక్ (నాలుగు దవడల చక్), స్టెడీ రెస్ట్ (పొడవైన ముక్కకు మధ్యలో ఆనిచ్చేది) విడిగా కొనాలంటే జేబుకు బాగా తగులుతుంది, ఇక్కడ రెండూ ఉన్నాయి.

గేర్ సంగతి చూపించి అడిగితే 38 వేలకు ఒప్పుకున్నారు, నేను తీసుకున్నాను. బేరింగులు మార్చాక ఇదే గేజ్‌తో రీడింగ్ చూపిస్తాను. మీరు చూసిన మెషిన్ గురించి అడగాలంటే మొత్తం మెషిన్ ఫోటో కాదండి, చక్ కింద బెడ్‌ని దగ్గరగా తీసి పెట్టండి.